వినేటోడు ముందు

నల్లగొండ, నీళ్ల పరీక్షల ల్యాబు.
మెట్ల కింద పాత కంప్యూటరు.
వారం సంది దాని డిస్కు
నిద్రల పండ్లు కొరికే పిల్లగాని లెక్క
టిక్కుటిక్కుమంటున్నది.

పెన్‌డ్రైవు పెడితే గుర్తుపట్టదు.
సీడీ అర తెరుచుకోదు.
మిగిలింది వెనకాల ఒక్క తొర్ర.
దాంట్ల నీలం కేబులు గుచ్చి
కిటికీల నుంచి అవతలి గదిలకు,
కొత్త మెషీను దాకా గుంజినం.

"ముందుగాల వినేటోడు కూసోవాలె సారూ,
అటెనుకనే చెప్పేటోడు నోరు తెరవాలె" అన్న.
ఇస్తారి సారు ఇరవై ఆరేండ్ల కెమిస్టు,
వచ్చే నెల రిటైరు.
"మన ఆఫీసుల ఎన్నడన్న గట్ల జరిగిందా?" అన్నడు.

కొత్త దాంట్ల నెట్‌క్యాట్‌ను కూసోబెట్టిన,
తొమ్మిది వేల నంబరు గడప మీద.
అది ఊ అనదు, ఆ అనదు.
పాత దాంట్ల టార్ అని కొట్టి
ఒక నిలువు గీత గీసి
గీతకు అవతల మళ్లా నెట్‌క్యాట్,
అవతలి గది అడ్రసు.
ఆ గీత పేరే పైపు.
మూట కట్టుకుంటనే పంపుడు,
అందుకుంటనే విప్పుడు.
నడుమ మూట యాడా దిగదు,
దింపెతందుకు ఆ డిస్కుల జాగ లేదు.

కవరు లేదు, తాళం లేదు, రసీదు లేదు.
ఎంత పోయింది ఎంత మిగిలింది చెప్పదు.
దేవరకొండ బస్సు డ్రైవరు చేతిల
మందుల పొట్లం పెట్టి పంపినట్టు.

ఎంటర్ కొట్టిన.

పేర్లు కారబట్టినయ్.
గుట్టకింది తండా, చేతిపంపు.
నడిమి గూడెం, పంచాయతీ ట్యాంకు.
ఎర్రకుంట, బడి బోరు.
ఎర్రకుంట, బడి బోరు, రెండోసారి.
ఎర్రకుంట, బడి బోరు, మూడోసారి.

మూడోసారి తెచ్చింది నేనే,
ఎనిమిదో తరగతిల.
గాజుసీసాల తీసుకొస్తే తిప్పి పంపిండ్రు.
"గాజును తింటదమ్మా ఈ నీళ్లల్ల ఉన్నది,
ప్లాస్టిక్ బుడ్డిల పట్టుకరా."
కౌంటరు వెనకాల ఆ మాటన్నది ఈ సారే.
"మరి మమ్ముల?" అని అడిగిన.
లేబులు రాసుకుంట తల ఎత్తలే.
ఇక్కడ కాంట్రాక్టు కొలువుకు చేరి నాలుగేండ్లు,
నేను ఆ ముచ్చట తియ్యలే,
ఆయనకు యాదుండదనుకున్న.

రెండు గంటల పది నిమిషాలకు
పేర్లు ఆగినయ్.
అయిపోయిందా, తెగిపోయిందా?
నెట్‌క్యాట్‌కు రెండిటికీ ఒకటే మౌనం.

ఆయన ఈడ, నేనాడ,
కిటికీల నుంచి ఒర్రుకుంట లెక్కవెట్టినం.
"పదకొండు వేల నాలుగు వందల ఎనిమిది!"
"ఇక్కడ గూడ ఎనిమిదే!"
చాయ తెప్పిద్దామన్నడు.

అప్పుడు చూసిన, పేర్ల నడుమ ఒక్క వరుస:
చదువ రాలేదు, సున్నాలతోని నింపిన.

టార్‌కు అదొక అలవాటు.
డిస్కు చచ్చిన కాడ ఆగదు,
ఉన్నంత జాగను సున్నాలు వోసి పూడుస్తది.
పేరు మంచిగనే ఉంటది, సైజు మంచిగనే ఉంటది,
తెరిస్తే లోపల ఏముండదు.
అది బడి బోరు, మూడోసారి.

"ఒక్కటే గదా సారూ," అన్న,
నా గొంతు నాకే నచ్చలే.

ఆయన కళ్లద్దాలు తీసి అంగీకి తుడుచుకున్నడు.
"మా కాయితంల సున్నా అంటే
నీళ్లు మంచిగున్నయని బిడ్డా.
తెలువకపోవుడు వేరు.
తీసెయ్ దాన్ని, జాగ ఖాళీగ ఉండనీ."

తీసేసిన.
చాయ వచ్చింది, చల్లారింది.
పాత మెషీను ఇంకో రెండుసార్లు టిక్కుమని
మల్ల లేవలే.

"ఆ బుడ్డికి మూత ఎర్రది" అన్నడు
ఉన్నట్టుండి, గోడ దిక్కు చూసుకుంట.
అంతకన్న ఏమనలే.
నేను గూడ అడగలే.

పొద్దుగాల ఆరున్నర బస్సుకు ఇద్దరం ఎక్కినం.
ఆ పంపును ఇప్పుడు బర్లకే కొడుతుండ్రట.
పాత లెక్క తిరిగి రాదు,
రిజిస్టర్ల ఇయ్యాల్టి తారీఖే వడ్తది.

ఆయన పంపు కొట్టిండు, నేను బుడ్డి పట్టిన.
ముందు కాసేపు నీళ్లు పోనియ్యాలె.
ఆ నీళ్లతోనే మూడుసార్లు పుక్కిలించి పారబోసి,
నాలుగోసారి
గొంతు దాకా,
గాలిబుగ్గ లేకుండ.